బావగారి ముఖం

ఆ రోజు పొద్దున రీడరు గారు పెట్టుకున్న పని ఒక్కటే. తొమ్మిదో అట్టపెట్టెలోని నెగెటివులు మెత్తటి గుడ్డతో తుడిచి, స్కానరు మీద పరిచి, ఒక్కొక్కటే కంప్యూటరులోకి ఎక్కించడం. కిటికీ పరదా కడ్డీ ఊడిపోయి వారమైంది. దాన్ని బిగించడం కూడా ఆ రోజే జరగాలన్నది ఆయన భార్య పెట్టుకున్న పని.

రీడరు గారంటే కాలేజీ రీడరు కాదు. అచ్చాఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ప్రూఫ్‌రీడరు అనడానికి నోరు తిరక్క వీధిలోవాళ్లు ముందు ముక్క ఎగరగొట్టారు. దిద్దడం ఆయన వృత్తి అయితే ఫోటోలు తీయడం పిచ్చి. రీలు కెమెరాల రోజులవి. రీలుకి ముప్పై ఆరు బొమ్మలే కాబట్టి ఒక్కో బొమ్మకు పదిసార్లు ఆలోచించి, పదకొండోసారి కన్ను పెట్టి, తీరా మీట నొక్కబోయే వేళకు ఎదుటి మనిషి విసిగి లేచిపోతే మళ్లీ మొదలుపెట్టేవారు. అలా ఒక రీలు ఆరు నెలలు వచ్చేది. నలభై ఏళ్లలో పదకొండు అట్టపెట్టెలు నిండాయి.

రిటైరయ్యాక కూతురు వచ్చి, స్కానరు బిగించి, ఫోటోలు ఊరికే పంచుకునే వెబ్‌సైటు ఒకటి చూపించింది. అక్కడ ఒక చిన్న గడిలో టిక్కు పెట్టాలి. ‘ఈ ఫోటోను ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు. పేరు వేయనవసరం లేదు.’

"పేరైనా వేయమందాం నాన్నా," అంది కూతురు.

"ముప్పై ఒక్క ఏళ్లు ఎవరెవరి పుస్తకాలో దిద్దానే. ఏ పుస్తకంలో నా పేరుంది? ఇప్పుడు కొత్తగా దేనికి," అని ఆయన టిక్కు పెట్టేశారు.

అప్పటినుంచి రోజూ కాఫీ తాగుతూ, తన బొమ్మలు ఎవరు పట్టుకుపోయారో చూసుకోవడం ఆయనకు అలవాటైంది. వానలో తడుస్తున్న సైకిళ్ల ఫోటో ఏ దేశంవాళ్లో తమ కవిత పక్కన పెట్టుకున్నారు. అచ్చాఫీసు మెట్ల ఫోటో మోకాళ్ల నొప్పుల కరపత్రంలో కనిపించింది. ఆయన తల్లి సూదిలో దారం ఎక్కిస్తున్న ఫోటో ఒక కళ్లాసుపత్రి వాళ్లు తీసుకున్నారు. నిజానికి ఆవిడకు చూపు ఆఖరిదాకా బ్రహ్మాండంగా ఉండేది. ఇంట్లో ఎవరేం దాచుకున్నా ఆవిడ కంట పడకుండా పోయేది కాదు. అయినా ఆ బొమ్మ అక్కడ కనిపించినప్పుడు ఆయన కాఫీ చల్లారేదాకా చూస్తూ కూర్చున్నారు. అమ్మ పోయిన ఇరవై ఏళ్లకు, పేరు తెలియని ఊళ్లో ఎవరి కళ్లకో పనికొస్తోంది. అంతకంటే ఏం కావాలి అనుకున్నారు.

తొమ్మిదో పెట్టె మూత తీశారో లేదో, పక్కింటి టైలరు మెడలో టేపు తీయకుండానే వచ్చాడు.

"రీడరు గారూ, మీ బావగారికి ఇంత బాధ ఉందని ఒక్కనాడూ అనలేదే."

"ఏం బాధ?"

టైలరు వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ బాధే."

ఫోను ముందుకు చాపాడు. అందులో ఏదో పొడి ప్రకటన ఉంది. పైన ఎర్రటి అక్షరాలు: ‘ఇరవై ఏళ్ల మలబద్దకం! ఇరవై రోజుల్లో విముక్తి!’ కింద ఒక మనిషి ముఖం, ఆ ముఖం కింద ‘ఒక పెద్దమనిషి స్వానుభవం’ అన్న మాటలు.

రీడరు గారి కన్ను ముందు ముఖం మీద పడలేదు. ‘మలబద్దకం’లో ద కింద ధ వత్తు ఉండాలి, లేదు. ఇంత పెద్ద అక్షరాల్లో అంత పెద్ద తప్పా అని చిరాకు పడుతూ కిందికి దిగిన చూపు అక్కడే ఆగిపోయింది. నుదుటి మీద మూడు ముడతలు. దగ్గరకు బిగిసిన కనుబొమలు. ఎటో దూరంగా, ఈ లోకంతో పని లేనట్టు చూస్తున్న కళ్లు. అవి బావగారి కళ్లే. ఆ ఫోటో తను తీసిందే.

"పనిచేస్తుందంటారా అది? మా మామగారు కూడా..." టైలరు ఇంకా ఏదో అడుగుతున్నాడు.

బావగారంటే రీడరు గారి భార్యకు స్వయానా అన్నయ్య. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేశారు. ఇప్పుడు డెబ్భై రెండు. ఆ ఫోటో తీసిన నాటికి ఆయనకు ముప్పై రెండే గాని, మాస్టారి ముఖం ఆ వయసుకే యాభై ఏళ్ల ముఖంగా స్థిరపడిపోయి, తర్వాత మరి కదల్లేదు. అందుకే ఇన్నేళ్లకూ చూసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. పైగా ఆయన ఒంట్లో బాగాలేదని జన్మలో ఒక్కసారి కూడా నోటితో అనని మనిషి. నూటమూడు జ్వరం వస్తే ‘కాస్త వెచ్చగా ఉంది’ అని మైదానానికి వెళ్లిన మనిషి. అలాంటి మనిషిని తీసుకొచ్చి దేనికి ముఖంగా పెట్టారు?

టైలరును ఏదో చెప్పి పంపించి, రీడరు గారు కూతురికి ఫోను చేశారు. ఆమె వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. అంతా ‘ఊఁ, ఊఁ’ అంటూ వింది. నవ్వు ఆపుకుంటోందని ఆయనకు తెలుస్తూనే ఉంది.

"తీసేయమని అడగొచ్చా?" అన్నారు.

"ఎవరైనా, ఏ పనికైనా అని టిక్కు పెట్టింది నువ్వే కదా నాన్నా."

"నేను కవితలూ అవీ అనుకున్నానే."

"అది సరే. మామయ్యని అడిగావా అసలు?"

"ఏమని?"

"ఆయన ముఖం ఊరందరికీ ఇచ్చేస్తున్నానని. ఫోటో నీదే నాన్నా, కాదనను. ముఖం ఆయనది కదా."

రీడరు గారికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. పదకొండు పెట్టెల్లో ఎందరి ముఖాలు, ఎవరినీ అడిగింది లేదు. "ఇప్పుడేం చేయమంటావు?" అన్నారు నీరసంగా.

"నేను ఆ కంపెనీకి ఉత్తరం రాస్తాలే. నువ్వు ఈలోపు ఆ ప్రకటన కింద ఒక ముక్క రాయి. ఈయన మీ పొడి వాడలేదని. అంతే, ఎక్కువ రాయకు."

ఎక్కువ రాయడం ఆయన స్వభావమే కాదు. కళ్లజోడు సర్దుకుని, ఒంటి వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మొదలుపెట్టారు. మర్యాదగా ఉండాలి. పొడిని తిట్టినట్టు ఉండకూడదు. ఆలోచించి ఒక వాక్యం కూర్చారు. ‘మీ పొడి వాడిన వారిలో ఈయన లేరు.’ ముందు ‘అయ్యా’ అని చేర్చారు. చివర తన పేరు బదులు ‘ఇట్లు, ఆయన దగ్గరి బంధువు’ అని పెట్టారు.

సరిగ్గా అప్పుడే ముందు గదిలోంచి భార్య పిలిచింది. "ఏమండీ, నేను స్టూలెక్కేశాను. కడ్డీ ఒక చేత్తో పట్టుకున్నాను. మీరొస్తారా, నన్ను పడమంటారా?"

"వస్తున్నా, వస్తున్నా," అంటూ ఆయన లేవబోతూ ఫోను జారితే పట్టుకుని, వేలు ఎక్కడ తగిలిందో చూసుకోకుండా పంపేశారు. ఆ తర్వాత కడ్డీ బిగించారు. పరదా వేలాడదీశారు. మనసు కాస్త కుదుటపడి తొమ్మిదో పెట్టె ముందు కూర్చున్నారు. ఫోను పరదా కడ్డీ బిగించగా మిగిలిన మేకుల పక్కనే ఉండిపోయింది.

ఆ ఫోనులో ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు. ఆయన రాసిన మాట కింద పావుగంటలో ఒకరు ‘అయ్యో’ అన్నారు. ఇంకొకరు ‘ఎన్నాళ్లు వాడారండీ?’ అని అడిగారు. ‘మా నాన్నగారు కూడా ఇదే వాడుతున్నారు, ఇప్పుడే డబ్బా దాచేశాను’ అని మరొకరు రాశారు. అరగంటకు ఎవరో, ‘ఈయన మా డ్రిల్లు మాస్టారు! మొన్ననే పార్కులో చూశాను, చువ్వలా ఉన్నారు’ అన్నారు. గంటకు ఆ మాట మాస్టారి పాత విద్యార్థుల గుంపులోకి వెళ్లింది. అక్కడ్నుంచి దానికి కాళ్లే కాదు, రెక్కలు కూడా వచ్చాయి.

ఒంటిగంటన్నరకు భార్య ఫోను మోగింది. పిన్ని కూతురు.

"అక్కా, ఎంత పనైపోయిందే. నాకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"ఏమైందే?"

"అన్నయ్య లేడట కదా."

"ఎక్కడికెళ్లాడు?" అంది ఈవిడ అమాయకంగా. తర్వాత ఆ మాట లోపలికి దిగింది. పక్కనున్న స్టూలు మీద కూలబడింది. "ఎవరే నీకు చెప్పింది? పొద్దున్నేగా మాట్లాడాను."

"ఫోన్లో వచ్చిందక్కా. ఎవరో దగ్గరి బంధువే రాశారట."

వెంటనే అన్నయ్యకు చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మాస్టారు పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఫోను బీరువాలో పెట్టి పడుకుంటారని ఇద్దరికీ తెలుసు. ఆ క్షణాన ఇద్దరికీ గుర్తు రాలేదు. మేకుల పక్కనున్న ఫోను ఆయన జేబులో పడేసుకున్నారు. చెప్పులు ఎవరివి ఎవరు వేసుకున్నారో చూసుకోకుండా బస్సెక్కారు.

బస్సులో ఆవిడ చీర చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. రీడరు గారు కిటికీలోంచి చూస్తున్నారు గాని ఏమీ కనిపించడం లేదు. ఆయన బుర్రలో ఒకటే లెక్క తిరుగుతోంది. పొద్దున ప్రకటన వచ్చింది. ఎవరో మంచి మనిషి దాన్ని తీసుకెళ్లి మాస్టారికి చూపించి ఉంటాడు. జ్వరాన్నే ఒప్పుకోని మనిషి దాన్ని చూసి తట్టుకోగలడా? గుండె అక్కడే ఆగి ఉంటుంది. అంటే మనిషిని చంపింది పొడీ కాదు, ప్రకటనా కాదు. నేను పెట్టిన టిక్కు.

రీడరు గారికి పెళ్లయిన కొత్తలో ఆయనదీ మాస్టారిదీ రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో చెరో వాటాలో ఉండేవి. మధ్యలో ఒకే వాకిలి, ఒకే కుళాయి, అందరికీ కలిపి ఒకే స్నానాల గది. ఆదివారం మధ్యాహ్నం ఆ గది కిటికీకి నల్ల దుప్పటి కట్టి, ఎర్ర బల్బు పెట్టి, రీడరు గారు ఫోటోలు కడిగేవారు. బయట తలుపు దగ్గర స్టూలు వేసుకుని, మెడలో ఈలతో మాస్టారు కాపలా. ఎవరైనా తువ్వాలు భుజాన వేసుకుని వస్తే ఈల ఊదేవారు. "లోపల ఫోటో తడిగా ఉంది. ఆగాలి," అనేవారు. అర్జెంటు అన్నా సరే, వాకిట్లో నాలుగు చుట్లు నడిచి రమ్మనేవారు.

ఒకసారి రీడరు గారు ఆయన్ను లోపలికి పిలిచారు. పళ్లెంలోని మందునీళ్లలో తెల్ల కాగితం వేసి అటూ ఇటూ ఊపుతుంటే, ఎర్రటి వెలుతురులో మెల్లగా కనుబొమలు, ఆ తర్వాత ముక్కు, ఆ తర్వాత మూడు ముడతలు. మాస్టారు తన ముఖం తానే నీళ్లలోంచి పైకి తేలడం చూసి పళ్లెం మీదికి వంగారు. "బావా, మనిషి పుడుతున్నట్టే ఉందిరా," అన్నారు. బావను ‘రా’ అన్నది ఆ ఒక్కసారే.

ఆ ముఖమే ఇది. ఆ ఏడు ఔత్సాహిక ఫోటోగ్రాఫర్ల పోటీకి ‘అన్వేషణ’ అని పేరు పెట్టి పంపితే రెండో బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేత వేదిక మీద పావుగంట దాని గురించే మాట్లాడాడు. సత్యం కోసం తనలోకి తాను చూసుకుంటున్న ముఖం అన్నాడు. ముందు వరసలో మాస్టారు నిటారుగా కూర్చుని వింటున్నారు. రీడరు గారు జన్మలో గెలిచిన బహుమతి అదొక్కటే.

"ఏదైనా మాట్లాడండీ," అంది భార్య.

"ఏం మాట్లాడమంటావు," అన్నారు ఆయన.

మాస్టారి వీధి మలుపు తిరగగానే ఇద్దరి కాళ్లూ ఆగిపోయాయి. ఇంటి ముందు ముప్పై నలభై మంది. కార్లు, స్కూటర్లు. అందరూ తెల్లబట్టల్లో, చేతుల్లో పూలగుత్తులు. ఆవిడ "అన్నయ్యా" అని ఒక్క కేక పెట్టి పరుగెత్తింది. జనం పక్కకు జరిగారు.

మెట్ల మీద మాస్టారు నిలబడి ఉన్నారు. బనీను, తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో ఈల.

"ఏడవకు. వరుస చెడిపోతుంది," అన్నారు చెల్లెలితో.

అప్పుడు చూశారు రీడరు గారు. ఆ జనమంతా నిలబడింది రెండు వరుసల్లో. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. చాలామందికి తల నెరిసింది, కొందరికి నెరవడానికి తలే మిగల్లేదు. తలుపు కొట్టిన చప్పుడుకు మాస్టారు నిద్ర లేచి వచ్చి తీస్తే, ఎదురుగా పూలగుత్తితో నిలబడి ఉన్న పళ్ల డాక్టరు అక్కడికక్కడే కళ్లు తిరిగి పడ్డాడట. అతని ముఖాన నీళ్లు కొట్టి లేపి, మిగిలినవాళ్లను వరుసలో నిలబెట్టి, మాస్టారు విచారణ మొదలుపెట్టారు.

చెల్లెలు భుజం పట్టుకుని ఏడుస్తూనే ఉంది. మాస్టారు ఒక చేత్తో ఆవిడ తల నిమురుతూ విచారణ కొనసాగించారు. "నీకెవరు చెప్పారు?"

"వీడు సార్," అన్నాడు పళ్ల డాక్టరు పక్కవాణ్ణి చూపించి.

"నీకు?"

"వాడు సార్."

వేలు వరుసంతా తిరిగి, చివరనున్న బట్టతల లాయరు దగ్గర ఆగింది. "నేను ఊరికే అనలేదు సార్. మీ దగ్గరి బంధువే రాశారు," అని లాయరు ఫోను తీసి గొంతు సవరించుకుని చదివాడు. "‘అయ్యా, మీ పొడి వాడిన ఈయన లేరు. ఇట్లు, ఆయన దగ్గరి బంధువు.’"

"తప్పు," అన్నారు రీడరు గారు అసంకల్పితంగా. "వాడిన వారిలో."

నలభై తలలూ వెనక్కి తిరిగాయి.

"‘వారిలో’ పడిపోయింది," అన్నారు ఆయన. అనేశాక ఏమన్నారో అర్థమైంది. ముందుకు వచ్చి ఫోను తీసుకుని చూశారు. నిజమే, ఒక్క మాట ఎగిరిపోయింది. జాబితాలోంచి తప్పిద్దామనుకున్న మనిషిని ఏకంగా లోకంలోంచే తప్పించారు.

మాస్టారు ఆయన్ను పైనుంచి కిందికి చూశారు. "ముప్పై ఒక్క ఏళ్లు ఊళ్లోవాళ్ల తప్పులు దిద్దావు బావా. నన్ను చంపే దగ్గరికొచ్చేసరికి ఒక్క మాట కనబడలేదా?"

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు అటు చూడగానే అది దగ్గుగా మారింది. రీడరు గారు తల దించుకున్నారు. బతికి ఉన్నాడన్న సంతోషంతో కళ్లలో నీళ్లు, చేసిన పనికి సిగ్గుతో ముఖంలో వేడి, రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఇంతకీ పొడేమిటి?" అన్నారు మాస్టారు.

అందరూ పక్కవాళ్ల వైపు చూశారు. చివరికి పళ్ల డాక్టరు, తన వృత్తికి ఈ చివర సంబంధం లేదన్న ధైర్యంతో కాబోలు, ప్రకటన తీసి చూపించాడు. మాస్టారు ఫోనును చేయంత దూరం పెట్టి చూశారు. పైన అక్షరాలు చదివారు. ముఖం చూశారు. ఉరుము కోసం అందరూ భుజాలు ముడుచుకున్నారు.

మాస్టారు ఫోను కాస్త పక్కకు తిప్పారు. బొమ్మ అంచు దాటి ఇంకేమైనా కనిపిస్తుందేమో అన్నట్టు మళ్లీ తిప్పారు.

"చెయ్యేది?" అన్నారు.

"ఏం చెయ్యి సార్?" అన్నాడు పళ్ల డాక్టరు.

మాస్టారు ఫోను ఇచ్చేసి, చెల్లెలి చేయి మెల్లగా విడిపించుకుని, లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. వరుసలు ఎవరూ చెదరగొట్టకపోవడంతో అలాగే నిలబడి ఉన్నాయి.

"ఇప్పుడే దిద్దెయ్యండి సార్," అన్నాడు లాయరు. రీడరు గారు అక్కడే మెట్ల మీద కూర్చుని, జేబులోంచి ఫోను తీసి, ‘క్షమించాలి. ఈయన ఉన్నారు. క్షేమంగా ఉన్నారు. ఇప్పుడే చూశాను’ అని రాశారు. మూడుసార్లు చదివారు. లాయరు ఒకసారి, పళ్ల డాక్టరు ఒకసారి చదివి బాగుందన్నారు. అప్పుడు పంపారు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి పొడి కంపెనీవాళ్లు ఆ మాటను పెద్దక్షరాల్లో ప్రకటన నెత్తినే పెట్టుకున్నారు. ‘మా పొడి వాడిన పెద్దమనిషి క్షేమం! స్వయంగా చూసిన బంధువు వాంగ్మూలం!’ అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. కాలు కడుక్కోబోయి మళ్లీ అడుసులోనే పెట్టినవాడి సంగతి వాళ్లు కూడా చెప్పలేదు.

భార్య కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది. "అన్నయ్య కోపం పొడి గురించి కాదండీ," అంది.

"తెలుసు."

"ఆ చెయ్యి వదినది."

"తెలుసు," అన్నారు రీడరు గారు మళ్లీ.

మాస్టారి భార్య పోయి ఆరేళ్లయింది. ఆవిడకు కెమెరా అంటే చచ్చేంత సిగ్గు. రీడరు గారు మెడలో కెమెరా వేసుకుంటే చాలు, తలుపు చాటుకు వెళ్లిపోయేది. పెళ్లిళ్లలో తీసినా ఎవరి భుజం వెనకో ఉండేది. ఆ రోజు వాకిట్లో మాస్టారి ముఖం మీద ఎండ పడుతోందని గబగబా తీసిన ఫోటోలో, ఒక పక్కన తలుపు చాటునుంచి గ్లాసు పట్టుకున్న చేయి ఒకటి వచ్చి పడింది. మణికట్టు, రెండు గాజులు, వేళ్లు. పదకొండు పెట్టెల్లో ఆవిడ ఉన్నది అంతే. పొడి కంపెనీవాళ్లు ఆ చేతిని కోసేసి ముఖం ఒక్కటీ ఉంచుకున్నారు.

మర్నాడు పొద్దున కూతురు ఫోను చేసింది. కంపెనీ నుంచి జవాబు వచ్చిందట. ఆ ముఖం గలాయన ఒప్పుకోలేదని తెలిసి విచారిస్తున్నామని, ప్రకటన తీసేస్తున్నామని. రీడరు గారు ‘సరే’ అన్నారు. ఆయన అప్పటికే ఆ నెగెటివు తీసుకుని, వీధి చివర స్టూడియోలో పెద్ద కాగితం మీద అచ్చు వేయించుకుని వచ్చారు. అంచులు కత్తిరించబోతే స్టూడియో అతని చేయి పట్టుకుని ఆపారు.

మాస్టారు తలుపు తీసి, పక్కకు జరిగి, కుర్చీ చూపించారు. రీడరు గారు కూర్చోలేదు. ఫోటో ఆయన చేతిలో పెట్టారు.

"మిమ్మల్ని అడక్కుండా ఊరందరికీ ఇచ్చేశాను బావగారూ. తప్పు నాది. వెబ్‌సైటు నుంచి తీసేస్తాను."

మాస్టారు ఫోటోను కిటికీ దగ్గరకు తీసుకెళ్లారు. ముఖం వైపు చూడలేదు. బొటనవేలితో పక్కన అంచును, గాజుల దగ్గర, అద్దం తుడిచినట్టు ఒకసారి తుడిచారు.

"ఈ గాజులు నేను కొన్నవి. సైజు పెద్దదైపోయింది. జారకుండా చెయ్యి ఎప్పుడూ ఇలా పైకెత్తి పట్టుకునేది," అన్నారు.

ఫోటోను వెలుతురుకు ఇంకాస్త దగ్గరగా పట్టుకుని మళ్లీ అన్నారు. "గ్లాసు పట్టుకుని గంటసేపు అలాగే నిలబడింది. తాగేదాకా కదలనంది."

"ఏమిటి, కాఫీయా?"

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. మెడ మీద నరం ఒకటి కదిలింది. "ఆముదం," అన్నారు.

రీడరు గారికి వెంటనే అర్థం కాలేదు.

"నాలుగు రోజులైంది అప్పటికి," అన్నారు మాస్టారు, మైదానంలో స్కోరు చెప్పినట్టు. "ఎవరికీ చెప్పలేదు. ఆవిడ కనిపెట్టేసింది. నేను వద్దన్నాను. ఆవిడ తలుపు దగ్గర నిలబడింది. నువ్వేమో అప్పుడే కెమెరా పట్టుకుని, బావగారూ కదలకండి, వెలుతురు బాగుంది అన్నావు. నేను ఎలాగూ కదిలే స్థితిలో లేను."

"అయితే ఆ ముఖం..."

"అదే ఆ ముఖం."

రీడరు గారు ఇప్పుడు కుర్చీలో కూర్చున్నారు. "ఆ న్యాయనిర్ణేత ఆ చేతి గురించి కూడా చెప్పాడు కదా, వేదిక మీద."

"చెప్పాడు. అందీ అందని జీవితామృతం అన్నాడు." మాస్టారి మీసం కింద పెదవి వణికింది. "పక్కన కూర్చుని వింటోంది తను. ఆముదాన్ని అమృతమంటున్నాడేమిటండీ అని నా చెవిలో అంది. నవ్వు ఆపుకోలేక ఇంత పొడుగున బిగుసుకుని కూర్చున్నాను. నువ్వు నేనేదో గర్వపడుతున్నాననుకున్నావు."

ఇద్దరూ నవ్వారు. ముందు రీడరు గారు, ఆ తర్వాత మాస్టారు. మాస్టారు నవ్వుతూ నవ్వుతూ ఒకచోట ఆగి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వారు.

"తీసెయ్యకు. ఉండనీ," అన్నారు చివరికి. "ఎవరు కావాలంటే వాళ్లు తీసుకోనీ, దేనికి వాడుకుంటే దానికి వాడుకోనీ. చెయ్యి మాత్రం కొయ్యకూడదని రాయి."

"అలా రాయడానికి అక్కడ గడి లేదు బావగారూ."

"లేకపోతే గీయమను."

రీడరు గారు ఫోటో వంక చూస్తూ కూర్చున్నారు. నలభై ఏళ్లుగా తన ఇంటి గోడమీద ఉన్న బొమ్మ, ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. "ఇన్నేళ్లూ ఒక్క మాట చెప్పలేదేం?" అన్నారు.

"చెబుదామనే అనుకున్నాను. ఈలోపు నీకు బహుమతి వచ్చింది," అన్నారు మాస్టారు.

ఆ పొడి ప్రకటన కూర్చినవాడెవడో గాని, వాడికి వత్తులు రాకపోతే పోయాయి, ఆ ముఖాన్ని సరిగ్గా చదివింది మాత్రం వాడొక్కడే.